నంబరు ఇవ్వకండి, కబురు అందించండి

(సమాఖ్య వార్షికోత్సవం సందర్భంగా అంజూర్ ఫాటాలో జరిగిన సభలో, కుటుంబ వివరాల నమోదు చూసే బాధ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఉపన్యాసాలు రావు. పద్నాలుగేండ్లు సాంచాల మీద పని చేశాను. కంటిచూపు మందగించినంక సైజింగ్‌లో లెక్కలు రాశాను. ఆ రాత పనే నన్ను సమాఖ్యలో ఈ బాధ్యత దాకా తెచ్చింది. మన కుటుంబాల వివరాల పుస్తకం ఇన్నేండ్లుగా నా చేతుల మీద నడుస్తోంది. మొదట అది నిజంగా పుస్తకమే, ఎర్ర అట్టల రిజిస్టర్లు మూడు. ఇప్పుడు అదే కంప్యూటర్‌లోకి, ఫోన్‌లోకి వచ్చింది. ఈసారి మన సంచిక కూడా డిజిటల్‌గా వస్తోంది కాబట్టి పెద్దలు నన్ను ఒక్క మాటే అడిగారు: "ఆ పుస్తకం ఎవరు చూడొచ్చు, ఎవరు చూడొద్దు, ఎందుకు? మనోళ్లకు అర్థమయ్యేటట్టు చెప్పు" అని. సాంచాల చప్పుడులో బతికినోళ్లం, గట్టిగ మాట్లాడుడు మనకు అలవాటు. ఈ విషయం మాత్రం మెల్లగ మాట్లాడుకోవాల్సింది.

ముందు, ఆ పుస్తకం ఎందుకు పెట్టుకున్నామో గుర్తు చేసుకుందాం. మన తాతలు, తండ్రులు కరీంనగర్, నల్లగొండ, వరంగల్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి బయలుదేరారు. కొందరు షోలాపూర్ పోయారు, కొందరు బొంబాయి మిల్లులకు, కొందరు సూరత్‌కు, మనం భివండీకి. ఊరు ఒక చోట, ఓటు ఇంకో చోట, రేషన్ కార్డు మరో చోట. ఖోలీ మారితే అడ్రసు మారుతుంది. సేఠ్ మారితే కార్ఖానా మారుతుంది. రీచార్జ్ అయిపోతే నంబరే మారుతుంది. కామత్‌ఘర్‌లో ఉన్న అన్నకు పద్మనగర్‌లో ఉన్న తమ్ముడి కొత్త నంబరు తెలియని రోజులున్నాయి. అందుకే పుస్తకం పెట్టుకున్నాం. ఇంటి పేరు, ఊరు, ఇక్కడి గల్లీ, పని చేసే చోటు, ఫోన్ నంబరు. ఒకరికి ఒకరు దొరకాలని.

ఆ పుస్తకం విలువ ఏందో నాకు ఒక రాత్రి తెలిసింది. పదకొండు దాటినంక ఫోన్ వచ్చింది. ఒక కార్ఖానాలో మన మనిషి ఒకాయన సాంచా పక్కనే ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. ఆయన ఫోన్‌కు తాళం. పక్క సాంచాలు నడిపే అబ్బాయి ఉత్తరప్రదేశ్ వాడు. 'తెలుగాయన, అందరం అన్నా అని పిలుస్తం' అనే తప్ప ఇంకేం చెప్పలేకపోయాడు. జేబులో ఒక చీటీ దొరికింది, దాని మీద ఇంటి పేరు, ఊరి పేరు. నేను రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాను. ఆ ఇంటి పేరుతో, ఆ ఊరితో మూడు కుటుంబాలున్నాయి. రెండో నంబరుకు చేసేసరికి అవతల ఆయన బామ్మర్ది ఏడుస్తూ లేచాడు. తెల్లారేసరికి నలుగురు చేరారు, మధ్యాహ్నం లోపు బండి ఊరికి బయలుదేరింది. ఆ రాత్రి ఆ పుస్తకం లేకపోతే ఆయన ఎన్ని రోజులు 'గుర్తు తెలియని వ్యక్తి'గా పడి ఉండేవాడో నాకు తెలియదు.

2020 సెప్టెంబరు 21 మనలో ఎవరూ మర్చిపోలేరు. తెల్లవారుజామున పటేల్ కాంపౌండ్‌లో జిలానీ బిల్డింగ్ కూలింది. ముప్పై మందికి పైగా పోయారు. శిథిలాల దగ్గర నిలబడ్డ ప్రతి మనిషి నోటా ఒకటే ప్రశ్న: ఏ గదిలో ఎవరున్నారు? అట్లాంటి పొద్దున ఎవరు ఎక్కడ ఉంటున్నారో చెప్పే పట్టిక ఒక ప్రాణంతో సమానం. అందుకని, పుస్తకమే వద్దు, కాల్చేయండి అనే మాట నేను ఒప్పుకోను.

ఇప్పుడు రెండో వైపు చెప్తాను. ఇది మా తప్పే, సమాఖ్య టేబుల్ దగ్గర కూర్చున్న మా తప్పు.

ఒక ఆడబిడ్డ అత్తగారింట్లో దెబ్బలు పడలేక, చిన్న పిల్లను ఎత్తుకుని ఇక్కడున్న మేనత్త దగ్గరికి వచ్చింది. పిల్లను బడిలో వేయడానికి సాయం కావాలని మన దగ్గర పేరు రాయించుకుంది. నంబరు ఎవరికీ ఇవ్వొద్దని కూడా చెప్పింది, మేం రాసుకున్నాం. కొన్నాళ్లకు ఒక ఫోన్ వచ్చింది. గొంతు చాలా మర్యాదగా ఉంది. "అన్నా, నేను ఆమె తమ్ముణ్ణి. నంబరు వద్దు, ఏమొద్దు. మీ పుస్తకంల మా అక్క పేరుందా లేదా, గంత చెప్తే చాలు. బాగుంటే చాలని మా అవ్వ ఏడుస్తుంది" అన్నాడు. టేబుల్ మీదున్న మన కుర్రవాడు మంచివాడు. నంబరు ఇవ్వలేదు. గల్లీ పేరు చెప్పలేదు. "ఆ, ఉంది తమ్మీ, అవ్వను బాధపడొద్దను" అన్నాడు. అంతే.

అడిగినవాడు తమ్ముడు కాదు. అప్పటిదాకా ఆమె హైదరాబాద్‌లో ఉందో, షోలాపూర్‌లో ఉందో, సూరత్‌లో ఉందో వాళ్లకు తెలియదు. మా 'ఆ, ఉంది' అనే ఒక్క మాటతో భివండీ అని తేలిపోయింది. నాలుగు రోజులకు ఇద్దరు మనుషులు వచ్చి భివండీ రోడ్ స్టేషన్ బయట, బడి వదిలే వేళకు ఆ చుట్టుపక్కల తిరిగారు. మన ఆడవాళ్లు గుర్తుపట్టి ముందే చెప్పారు కాబట్టి ఏ ఘోరమూ జరగలేదు. కానీ ఆ తల్లీ బిడ్డా మళ్లీ మూట కట్టుకుని ఇంకో ఊరు పోవాల్సి వచ్చింది.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఇది. మనం నంబరు దాస్తే, అడ్రసు దాస్తే సరిపోతుందనుకుంటాం. 'ఈ మనిషి మీ పట్టికలో ఉన్నారా?' అన్న ప్రశ్నకు 'ఉన్నారు' అనే జవాబే ఒక సమాచారం. అప్పులోడికి అది చాలు. తరుముకుంటూ వచ్చేవాడికి అది చాలు. మోసగాడికీ అది చాలు.

దాని తర్వాత మేం ఒక నియమం పెట్టాం. దాచమని అడిగిన వాళ్ల గురించి ఎవరైనా అడిగితే 'చెప్పలేం' అనాలి, పేరు లేని వాళ్ల గురించి అడిగితే 'లేరు' అనాలి. పెద్ద తెలివైన పని చేశామనుకున్నాం. మా మీటింగ్‌లో చాయ్ ఇస్తున్న పదో తరగతి పిల్ల నవ్వింది. "మామయ్యా, లేనోళ్లకు లేరు అంటే, చెప్పలేం అన్నరంటే ఉన్నట్టే గదా!" అంది. ఇరవై మంది పెద్దలం కూర్చున్నాం, ఒక్కరికీ తట్టలేదు. తాళం వేసిన గదికి బయట 'ఇక్కడ బంగారం ఉంది' అని బోర్డు పెట్టినట్టు చేశాం.

అప్పుడు ఇంకో చివరకు పోయాం. మొత్తం మూసేశాం. ఎవరడిగినా చెప్పేది లేదు. కంప్యూటర్ పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గర. అదీ తప్పే అని కొన్ని నెలలకే తేలింది. ఒకామె కొడుకు ఇంటర్ మంచి మార్కులతో పాసయ్యాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆఖరి తేదీ ఫలానా అని మేం అందరికీ మెసేజ్ పంపాం. ఆమెకు అందలేదు. తేదీ దాటినంక వచ్చి అడిగింది. తీసి చూస్తే ఆమె నంబరులో ఒక అంకె తప్పు. రెండేండ్ల నుంచి తప్పే. "నా పేరు దగ్గర ఏముందో నాకే చూపియ్యకపోతిరి, తప్పున్న సంగతి నాకెట్ల తెలుస్తది సారూ?" అంది. నా దగ్గర జవాబు లేదు. తన గురించి ఏం రాసి ఉందో తనే చూసుకోలేని పుస్తకం, మనిషిని కాపాడే పుస్తకం కాదు.

అంటే తెరిచి పెడితే ఒక ప్రమాదం, మూసి పెడితే ఇంకో నష్టం. ఈ రెండింటి మధ్య దారి వెతుక్కుని, ఇప్పుడు నడుపుతున్న పద్ధతి చెప్తాను. పుస్తకం ఒకటే, దానికి మూడు తలుపులు.

మొదటి తలుపు సొంత మనిషికి. ఎవరి వివరాలు వాళ్లు ఎప్పుడైనా చూసుకోవచ్చు, దిద్దుకోవచ్చు, తీసేయమనొచ్చు. ఫోన్‌లో మీ నంబరు కొడితే ఒక కోడ్ వస్తుంది, అది కొడితే మీ పేజీ ఒక్కటే తెరుచుకుంటుంది. ఇక్కడ కూడా ఆ పిల్ల చెప్పిన పాఠం మర్చిపోలేదు. మీ నంబరు పట్టికలో ఉన్నా, లేకున్నా తెర మీద ఒకే మాట కనిపిస్తుంది: 'ఈ నంబరు మా దగ్గర ఉంటే కోడ్ వస్తుంది.' లేకపోతే ఎవడైనా పక్కవాడి నంబరు కొట్టి, 'ఈ నంబరు నమోదు కాలేదు' అని వస్తుందా, కోడ్ పోయిందా అని చూసి సంగతి తెలుసుకుంటాడు. ఒకే ఫోన్‌తో నడిచే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. భార్య వివరాలు భర్త ఫోన్‌లో తెరుచుకోకూడదు అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్లకోసం ఆదివారం పొద్దున ఆఫీసులో మన అక్కలు ఇద్దరు కూర్చుంటున్నారు. కార్డు చూపించి, తన పేజీ తనే చూసుకుని పోవచ్చు. చదువు రానివాళ్లకు చదివి వినిపిస్తారు.

రెండో తలుపు, ఒకరిని ఒకరు వెతుక్కునేవాళ్లకు. దీనికి మా నియమం ఒక్క ముక్కలో చెప్పాలంటే, నంబరు ఇవ్వకండి, కబురు అందించండి. ఎవరైనా వచ్చి 'ఫలానా మనిషి నంబరు కావాలి' అంటే మేం ఆయన నంబరే రాసుకుంటాం. పేరు, ఊరు, ఏం పని, ఏ నంబరుకు తిరిగి చేయాలి. అడిగిన మనిషి పట్టికలో ఉన్నా, లేకున్నా ఆయనకు చెప్పేది ఒకే మాట: 'వాళ్లు మా దగ్గర ఉంటే రేపు సాయంత్రం లోపు మీ కబురు అందుతుంది. మాట్లాడాలనుకుంటే వాళ్లే చేస్తారు.' ఆ తర్వాత మేం ఆ సభ్యుడికి చెప్తాం. మాట్లాడాలా, ఊరుకోవాలా అన్నది ఆయన ఇష్టం. ఊరుకుంటే, 'ఎందుకు చేయలేదు' అని మేం అడగం. అడిగినవాడికి కూడా 'చెప్పాం, ఆయనే చేయలేదు' అని చెప్పం.

చూడండి, దీంట్లో మన పాత పద్ధతే ఉంది. ఊర్లో ఎవరైనా కొత్త మనిషి వచ్చి 'ఫలానా వాళ్ల ఇల్లెక్కడ?' అంటే మన పెద్దలు నేరుగా ఇంటికి తోలుకుపోయేవాళ్లు కాదు. అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, 'ఏ ఊరు బిడ్డా, ఎవరి తాలూకు?' అని అడిగేవాళ్లు. ఈలోగా ఒక పిల్లవాణ్ణి ఆ ఇంటికి ఉరికించేవాళ్లు. ఇంటివాళ్లు రమ్మంటే వచ్చేవాళ్లు, లేకపోతే లేదు. ఫోన్ వచ్చినంక మనం ఆ అరుగును తీసేసి, నేరుగా ఇంటి తలుపు తాళంచెవి చేతిలో పెట్టడం మొదలుపెట్టాం.

మూడో తలుపు ఆపదకు. చావు, ప్రమాదం, ఆస్పత్రి, తప్పిపోయిన పిల్లలు. అప్పుడు రేపు సాయంత్రం దాకా ఆగలేం. ఇద్దరు బాధ్యులు కలిసి ఒప్పుకుంటే అప్పటికప్పుడు పట్టిక తెరుస్తారు. ఆపదలో ఉన్న మనిషి వాళ్లకే ఫోన్ చేస్తారు తప్ప అడిగినవాడికి నంబరు ఇవ్వరు. ఎవరు తెరిచారు, ఎందుకు, ఎవరి పేజీ చూశారు అన్నది నోట్‌బుక్‌లో రాస్తారు. తర్వాత ఆ ఇంటివాళ్లకు ఆ సంగతి చెప్తారు. నేను చెప్పిన ఆ రాత్రి ఈ పద్ధతి ఉన్నా అంతే తొందరగా పని జరిగేది. ఆ రోజు బామ్మర్దికి ఫోన్ చేసింది నేనే గదా, కార్ఖానా వాళ్లు కాదు గదా.

ఇవిగాక వధూవరుల పరిచయం సంగతి విడిగా చెప్పాలి. పరిచయ వేదిక పెట్టిన ప్రతిసారీ ఒక పుస్తకం వేస్తాం. ఫొటో, పుట్టిన తేదీ, గోత్రం, చదువు, జీతం, ఫోన్ నంబరు. కాగితం పుస్తకం అయితే నాలుగేండ్లకు చెదలు తింటుంది. పీడీఎఫ్‌కు చెదలు పట్టదు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్న ఆడబిడ్డ ఒకామెకు ఇప్పటికీ సంబంధం అడుగుతూ ఫోన్లు వస్తున్నాయి. రాత్రి పూట వచ్చేవి కొన్ని సంబంధం ఫోన్లు కూడా కావు. ఇంట్లో ఆమెకు ఎంత ఇబ్బందో మీరే ఆలోచించండి. అందుకే ఇక నుంచి ఆ పుస్తకంలో అమ్మాయి నంబరు ఉండదు, అబ్బాయి నంబరూ ఉండదు. ఒక వరుస సంఖ్య ఉంటుంది. నచ్చినవాళ్లు ఆ సంఖ్య చెప్తే మేం రెండు వైపులా కబురు చేస్తాం. పుట్టిన సంవత్సరం చాలు, తేదీ, సమయం జాతకం కలిపేటప్పుడు ఇచ్చుకోవచ్చు. ఒక ఏడాది తర్వాత ఎవరూ మళ్లీ అడగకపోతే ఆ పేజీ తీసేస్తాం.

పుట్టిన తేదీ మీద ఇంత పట్టుదల ఎందుకంటారా? 'డిజిటల్ అరెస్ట్' అని భయపెట్టి డబ్బు లాగే మోసగాళ్ల సంగతి మీరంతా విన్నారు. వాడు ఫోన్ చేసి మన తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేదీ గడగడా చదివితే మనం నిజంగా పోలీసే అనుకుంటాం. ఆ వివరాలు వాడికి దొరికే చోట్లలో మన అమాయకపు జాబితాలు కూడా ఒకటి. అట్లాంటి ఫోన్ వస్తే పెట్టేయండి, డబ్బు పోతే వెంటనే 1930కి చేయండి.

ఇదంతా మన సంఘానికే పుట్టిన కొత్త గోల కాదు. దేశమంతా ఇదే తూకం తూచుకుంటోంది. ఓటర్ల జాబితా తీసుకోండి. అది బహిరంగంగా ఉండాలి, లేకపోతే దొంగ ఓట్లు పట్టుకోలేం. కానీ మొత్తం జాబితాను కంప్యూటర్‌లో ఇట్టే వెతికేటట్టు ఇస్తే ఎవరు దేనికి వాడుకుంటారో తెలియదు. 2018లో కమల్‌నాథ్ కేసులో ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది. వెతకడానికి వీలైన రూపంలో జాబితా ఇవ్వాలని అడిగితే, ఎన్నికల సంఘం పెట్టిన పద్ధతినే కోర్టు ఉండనిచ్చింది. మళ్లీ 2025లో బీహార్‌లో ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోయాయి. నా పేరు ఎందుకు పోయిందో నాకు తెలియాలి గదా అని జనం అడిగారు. ఆగస్టు 14న సుప్రీంకోర్టు, తీసేసిన పేర్లను కారణాలతో సహా బయటపెట్టాలని, ఓటరు కార్డు నంబరుతో వెతుక్కునే వీలుండాలని ఆదేశించింది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చూడండి. అందరినీ ఎవరైనా ఏరుకునే వీలు వేరు. తన సంగతి తాను చూసుకునే వీలు వేరు. మన మొదటి తలుపు ఆ రెండోదే.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, పుట్టస్వామి కేసులో, గోప్యత మన ప్రాథమిక హక్కు అని చెప్పింది. దాని తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. మన ఇంటి అవసరానికి మనం ఫోన్‌లో రాసుకున్న నంబర్లకు ఈ చట్టం లేదు. కానీ ఒక సంఘం వందల కుటుంబాల వివరాలు కంప్యూటర్‌లో పెట్టుకుంటే, అది ఇంటి వ్యవహారం అనుకుని ఊరుకోలేం. ఆ చట్టం ముఖ్యంగా చెప్పేది: ఎందుకు తీసుకుంటున్నారో స్పష్టంగా చెప్పి ఒప్పుదల తీసుకోండి. చెప్పిన పనికి తప్ప ఇంకోదానికి వాడకండి. ఒప్పుదల ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోనివ్వండి. పద్దెనిమిదేండ్లు నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే జరిమానా 250 కోట్ల దాకా పోవచ్చు. మన మీద అంత వేస్తారా అన్నది కాదు విషయం. చట్టం లేకున్నా ఇది మనం ఒకరికొకరం చేసుకోవాల్సిన మర్యాదే.

లాక్‌డౌన్ రోజులు గుర్తున్నాయి గదా. 2020 మేలో భివండీ రోడ్ స్టేషన్ నుంచి గోరఖ్‌పూర్‌కు శ్రామిక్ రైలు పోయింది. ఆ రోజుల్లో ఊర్లకు పోవాలనుకున్నవాళ్ల జాబితాలు ఎన్ని తయారయ్యాయో లెక్కలేదు. పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, ఊరు. నేనూ రాశాను. ఒక వాట్సాప్ గ్రూపు నుంచి పది గ్రూపులకు పోయాయి. ఆ రోజు అది తప్పు కాదు, పిల్లలతో నడిచి పోతున్నవాళ్లను చూస్తూ ఎవరూ నియమాలు ఆలోచించరు. కానీ ఆపద పోయినంక ఆ జాబితాలు ఎవరం తుడిచేశాం? మొన్న పాత ఫోన్‌లో నాకే ఒకటి కనిపించింది, వంద మందికి పైగా ఆధార్ నంబర్లతో. అప్పుడే తీసేశాను. మీ ఫోన్లలో కూడా ఉంటాయి. ఇవాళ ఇంటికి పోయి వెతకండి.

ఇప్పుడు పెద్దలు నన్ను అడిగిన మాటలకు వస్తాను.

"మనోళ్లల్ల మనకు దాపరికమేందిరా?" అని ఒక కాక కోపం చేశాడు. కాకా, నువ్వు నంబరు అందరికీ ఇమ్మంటే ఇస్తాం. నీ పేజీలో 'అందరూ చూడొచ్చు' అని గుర్తు పెట్టుకో, అది నీ ఇష్టం. వ్యాపారం చేసే మన వాళ్లు చాలా మంది అట్లనే పెట్టుకున్నారు, నూలు వ్యాపారికి నంబరు దాస్తే బేరం ఎట్ల? ఏమీ చెప్పని మనిషి నంబరు మాత్రం మూసే ఉంటుంది. తెరవాలా అన్నది ఆ మనిషి చెప్పాలి, మనం కాదు. ఆ ఆడబిడ్డను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కూడా 'మనోళ్లే' అని మర్చిపోవద్దు.

"పని ఆలస్యమైతది" అని ఇంకొకరు అన్నారు. నిజమే, ఒక రోజు ఆలస్యం అవుతుంది. కొన్ని కబుర్లకు జవాబే రాదు. న్యాయంగా అప్పిచ్చి, తిరిగి రాక తిరుగుతున్న మనిషి కూడా మా దగ్గరికి వచ్చాడు. ఆయనకు కూడా అదే మాట చెప్పాం. ఆయన బాధ నిజం, ఆయన పక్షాన మనసుంది. కానీ పుస్తకం అప్పు వసూలు కోసం రాయలేదు. ఒకరి కోసం తలుపు తెరిస్తే, రేపు అదే మాట చెప్పుకుంటూ వచ్చే ఇంకొకడికి మూయలేం. ఈ పద్ధతికి ఈ నష్టం ఉంది, నేను దాచడం లేదు.

"వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లు కనిపిస్తూనే ఉన్నాయి గదా, ఇంక దీనికి ఇంత కట్టుబాటెందుకు?" అని మన పిల్లలు అడిగారు. మంచి ప్రశ్న. అందుకే కబుర్లు పంపే పెద్ద గ్రూపును, సభ్యులు ఒకరికొకరు కనిపించని పద్ధతికి మార్చాం. ముచ్చట పెట్టుకునే చిన్న గ్రూపులు మీ ఇష్టం. ఇష్టమై చేరిన చోట కనిపించడం వేరు, అడగకుండా చేర్చిన చోట కనిపించడం వేరు.

ఇప్పుడు మీ నుంచి నాలుగు పనులు కావాలి. ఈ నెలలో ఒకసారి మీ పేజీ మీరే చూసుకోండి. ఫోన్‌లో రాకపోతే ఆదివారం రండి. నంబరు, గల్లీ సరిగా ఉన్నాయో లేవో చెప్పండి. రెండోది, మనలో ఎవరైనా పోతే ఆ పేజీ ఏం చేయాలో ఇంటివాళ్లు వచ్చి చెప్పండి. చనిపోయినాయన పేరు మీద మెసేజ్ పోతే ఆ ఇంట్లో ఎట్లుంటుందో నాకు తెలుసు. మూడోది, ఎవరైనా మిమ్మల్ని 'ఫలానా వాళ్లు మీ సంఘంలో ఉన్నారా?' అని అడిగితే, ఉన్నారనొద్దు, లేరనొద్దు. 'మీ నంబరు చెప్పండి, ఉంటే అందిస్తాం' అనండి. నాలుగోది, ఆపదలో ఎవరికి చెప్పాలో ఒక పేరు, ఒక నంబరు చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. తాళం వేసిన ఫోన్ కంటే ఆ చీటీ ఎక్కువ పని చేస్తుంది. ఆ రాత్రి నాకు తెలిసింది.

మా మీద కూడా ఒక కట్టుబాటు ఉంది, అది మీరు చూడాలి. పట్టిక ఎవరెవరు తెరిచారో రాసే నోట్‌బుక్ ప్రతి సర్వసభ్య సమావేశంలో ఈ టేబుల్ మీద ఉంటుంది. సభ్యుల పేర్లు కప్పి ఉంటాయి, తెరిచినవాళ్ల పేర్లు, తేదీలు, కారణాలు కనిపిస్తాయి. నా పేరు మరీ ఎక్కువసార్లు కనిపిస్తే, లేచి అడగండి. కొన్నాళ్లకు నేను ఈ పని వేరేవాళ్లకు అప్పజెప్తాను. అప్పుడు పాస్‌వర్డ్ మారుతుంది, నాకు కూడా రెండో తలుపే మిగులుతుంది. అట్లనే ఉండాలి.

ఆ ఆడబిడ్డ సంగతి చెప్పి ముగిస్తాను. ఇక్కణ్ణుంచి పోయిన చాలా రోజులకు ఆమె నుంచి మేనత్త ద్వారా ఒక కబురు వచ్చింది. బిడ్డ మంచిగ చదువుతోందట. మన దగ్గర పేరు మళ్లీ రాయించుకుంటానని అడిగింది, 'కానీ ఈసారి నా పేరున్నట్టు ఎవరికీ తెలవొద్దు' అంది. తనను ఒకసారి బయటపెట్టిన పుస్తకాన్ని ఆమె రెండోసారి నమ్మింది. ఇప్పుడు ఆమె పేరు అందులో ఉందా, లేదా?

మీకు చెప్పను. మీరూ నన్ను అడగకండి. ఆమెకు ఏమన్నా చెప్పాలనుకుంటే రాసి ఇవ్వండి. ఉంటే, రేపు సాయంత్రం లోపు అందుతుంది.

 జై మార్కండేయ!